ముందు సంచికి చుట్టింది

నా చిన్నప్పుడు మా కాలవ గట్టు మీద తెల్లారితే చాలు, సైకిళ్లే సైకిళ్లు. ఐనవిల్లి వైపు నుంచి అమలాపురం పోయేవాళ్లు, అంబాజీపేట కొబ్బరి కొట్లకి పోయేవాళ్లు, బడిపంతుళ్లు, పాలవాళ్లు, అందరూ మా వీధరుగు ముందు నుంచే వెళ్లాలి. ఇప్పుడూ అదే గట్టు మీద సైకిళ్లు కనిపిస్తున్నాయి. ఆదివారం పొద్దున్నే రంగురంగుల చొక్కాలు, నెత్తిన టోపీలు పెట్టుకుని పట్నం పిల్లలు గుంపుగా వచ్చి, కొబ్బరిచెట్ల కింద ఫొటోలు దిగి, బొండాలు తాగి వెళ్తారు. ఆరోగ్యానికి మంచిదే, కాదనను. నాలుగు చినుకులు పడ్డ ఆదివారం మాత్రం గట్టు బోసిపోతుంది. వాళ్లు పలకరింపుగా చెయ్యి ఊపితే నేనూ ఊపుతాను గానీ, నా చూపు వాళ్ల ముఖాల మీద ఉండదు. సైకిలు వెనక చక్రం మీద ఉంటుంది. అలా చూడటం మా మామ్మ నేర్పిన ఆట. ఎందుకు నేర్పిందో తెలిసిన నాటి నుంచి అది నాకు ఆటగా మిగల్లేదు.

అప్పటికి మా అమ్మ వెనక గదిలో మంచం పట్టి ఉంది. క్షయ. ఆ జబ్బు పేరు మా ఊళ్లో ఎవరూ పైకి అనేవారు కాదు, ‘ఆ దగ్గు’ అనేవారు. నాన్న మస్కట్‌లో ఉన్నాడు. అమలాపురం డాక్టరుగారు మందులిచ్చి, రోజూ పొద్దున్నే ఒక సూది పడాలనీ, మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదనీ మామ్మతో గట్టిగా చెప్పారు. మా ఊళ్లో సూది వేసేవాళ్లు లేరు. పైగా వానాకాలం నెత్తి మీదికొచ్చింది. అప్పటిదాకా రోజూ బండి కట్టించి అమలాపురం తీసుకెళ్లి వేయిస్తున్నారు గానీ, వానాకాలంలో మా గట్టు అంటే మోకాలి దాకా బురద, బండి కదలదు. రోజూ తప్పకుండా ఎవరొస్తారన్నదాని మీద మా అమ్మ ప్రాణం ఆధారపడి ఉంది. మామ్మకి అన్నం సహించని రోజులవి.

ఆ దారిన రోజూ వెళ్లేవాళ్లలో సూది వెయ్యడం తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన పక్క ఊరి కాంపౌండరు. కొత్త సైకిలు, హ్యాండిలుకి రంగు కుచ్చులు, చక్రాల ఊచలకి గుండ్రటి రంగు పూసలు, మంచి గంట. ప్రతి ఇంటి ముందూ ఆ గంట కొట్టి నవ్వుతూ పలకరించేవాడు. చెయ్యి తేలికని, సూది వేసినట్టే తెలియదని ఊరంతా ఆయన పేరే చెప్పింది. రెండో మనిషి నర్సమ్మ. గోదావరి అవతల లంకలో ఆవిడ ఇల్లు. సైకిలుని పడవ మీద దాటించుకుని వచ్చి, మా ఊరు మీదుగా తను పనిచేసే ఊరికి వెళ్లేది. ఆవిడ సైకిలుకి గొలుసు మీది రేకు వదులై దడదడమనేది. ఎవరినీ పలకరించేది కాదు. నవ్వగా నేను చూడలేదు. నాకు ఆవిడంటే భయం.

మామ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ చీపుర్లు కట్టేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది, అమ్మ గదిలోకి పోకుండా. ఒక రోజు ఉన్నట్టుండి అంది, “ఏమే, ఆట ఆడదామా? ఈ ఎల్లేవాళ్లలో వానొచ్చినా ఎవరొత్తారో చెప్పు చూద్దాం.”

నేను సైకిలు మెరుపు చూసి చెప్పేదాన్ని. కాంపౌండరు వెళ్తుంటే “వస్తాడు” అని అరిచాను. మామ్మ తల అడ్డంగా ఊపింది. ఆ సైకిలుకి మడ్‌గార్డు చివర టైరు ముక్క లేదు చూడమంది. బురదలో తొక్కేవాడు అది కట్టుకోకుండా నాలుగు రోజులు ఉండలేడట, వీపంతా బురద చిమ్ముతుంది మరి. నిజంగా తొక్కేవాడి సైకిలుకి సీటు కింద ఏదో ఒక పాత కవరు మడిచి దోపి ఉంటుందట. పైన ఎంత తుప్పు పట్టినా గొలుసు మాత్రం నూనెతో నల్లగా ఉంటుందట. వాడు పంట్లాం అంచు గొలుసులో పడకుండా క్లిప్పు పెట్టుకుంటాడట. గంట మలుపు దగ్గర కొడతాడు గానీ ఇళ్ల ముందు కొట్టడట. ఇవన్నీ ఒక్క రోజులో చెప్పలేదు. ఈనె ఈనెకీ ఒకటి చెప్పినట్టు, రోజుల తరబడి చెప్పింది.

సైకిలు ఎక్కని మనిషికి ఇదంతా ఎలా తెలుసని అడిగాను. మా తాతయ్య అంబాజీపేట కొబ్బరి కొట్లో గుమాస్తా. బతికినన్నాళ్లూ ఈ గట్టు మీదే తొక్కారు. ఆయన కోసం ఇదే అరుగు మీద సాయంత్రాలు ఎదురుచూసీ చూసీ, వచ్చేవాళ్ల సంగతీ రానివాళ్ల సంగతీ తెలిసిపోయిందట. ఆ మాట చెప్పి మళ్లీ ఈనెలు చీరడం మొదలుపెట్టింది.

రోహిణి కార్తె దాటాక ఒక పొద్దున తొలి వాన ఉన్నట్టుండి దిగింది. ఇద్దరూ మా ఇంటి ముందే దొరికిపోయారు. కాంపౌండరు సైకిలు గోడకి ఆనించి ఒక్క గెంతులో మా అరుగు ఎక్కి, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఆయన మందుల సంచి హ్యాండిలుకి వేలాడుతూ తడుస్తోంది. నర్సమ్మ రోడ్డు మధ్యలోనే దిగింది. సీటు కింద నుంచి ఎరువు బస్తాలో వచ్చే ప్లాస్టిక్ కవరు లాగి, సంచికి చుట్టి, తాడుతో బిగించి కట్టింది. తలకి ఏమీ మిగల్లేదు. అలాగే ఎక్కి తొక్కుకుంటూ పోయింది. రేకు చప్పుడు వానలో చాలా దూరం వినిపించింది.

మామ్మ నా భుజం నొక్కి, చెవిలో “చూసేవా?” అంది. మర్నాడు నర్సమ్మ సైకిలుకి అడ్డంగా వెళ్లి నిలబడి సంగతంతా చెప్పింది.

“వత్తానండీ మామ్మగారూ,” అంది నర్సమ్మ. “వానైనా వత్తానండీ. పాపని మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.”

ఊళ్లోవాళ్లు మామ్మకి మతి పోయిందన్నారు. తేలిక చెయ్యి ఉన్న ఆయన్ని కాదని ఆ గయ్యాళిని పిలవడమేమిటన్నారు. ఆషాఢం వచ్చేసరికి కాంపౌండరు సైకిలు గట్టు మీద కనపడటం మానేసింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఎండ ఉన్నన్నాళ్లూ మంచివాడే.

నర్సమ్మ వచ్చేది. చీర మోకాళ్ల దాకా బురద, తల నుంచి నీళ్లు కారుతూ వచ్చేది. అరుగు మీద సంచి విప్పితే లోపల గుడ్డ పొడిగా ఉండేది. గోదావరికి వరద నీరు తగిలి పడవలు ఆగుతాయనగానే, ముందు రోజే ఇవతలి ఒడ్డున చుట్టాలింట్లో దిగిపోయేది. మామ్మకి ఆచారం ఎక్కువ. నర్సమ్మకి కాఫీ వేరే గ్లాసులో పోసి అరుగు చివర పెట్టేది. ఆ గ్లాసు ఎందుకు వేరో ఆవిడకి తెలుసు. “ఆలస్యమైపోద్దండీ” అని దాన్ని ముట్టుకోకుండానే వెళ్లిపోయేది. ఆ కాఫీ రోజూ చల్లారిపోవడం నేను చూసేదాన్ని.

సూది ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా భాద్రపదంలో అమ్మ పోయింది. జబ్బు ముందే లోపల చాలా దూరం పోయిందన్నారు డాక్టరుగారు. సరైన మనిషిని ఎంచుకున్నంత మాత్రాన మన మనిషి దక్కాలని ఎక్కడా లేదని ఆ రోజే తెలిసింది నాకు. చిన్నపిల్ల తెలుసుకోవలసిన సంగతి కాదది. అమ్మని తీసుకెళ్లేటప్పుడు నర్సమ్మ అక్కడే ఉంది. ఏడుస్తున్న నన్ను కాసేపు ఎత్తుకుని, దించి వెళ్లిపోయింది.

మర్నాడు కుండపోత. మైల ఇల్లు, పైగా ఆ జబ్బు ఇల్లు, గుమ్మం తొక్కినవాళ్లు లేరు. మామ్మ అలవాటు చొప్పున అదే వేళకి అరుగు మీద కూర్చుంది, చేతిలో ఈనెలు లేకుండా. నర్సమ్మ వస్తుందా అని అడిగాను.

“ఇంకెందుకొత్తాదే? ఏం పనుందని?” అంది.

వాన వచ్చినా ఎవరొస్తారో చెప్పే ఆటలో మా మామ్మ ఓడిపోవడం అదొక్కసారే. దూరం నుంచి రేకు దడదడ వినపడింది. నర్సమ్మ సైకిలు దిగి, తడి చీరతో అరుగు కింద నిలబడింది.

“మామ్మగారూ, పాపకి సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడతందాండీ?”

“వానకి జలుబు చేసిందమ్మా.”

“జలుబు కాదేమోనండీ. నిన్న ఎత్తుకుంటే వీపు కాలిపోతంది. రేపు అమలాపురం తీసుకెళ్తాను, నాతో పంపండి. పెందరాళే చూపిత్తే పరవాలేదండీ. ఈ పాపకేం కాదండీ.”

ఇంట్లో ఎవరికీ తట్టని సంగతి అది. మామ్మ ఆవిడ ముఖం వైపే చూస్తూ మెట్లు దిగింది. వానలోనే నిలబడి, తన పైటకొంగు తీసుకుని నర్సమ్మ తల తుడవటం మొదలుపెట్టింది. కొంగు కూడా తడిసిపోతోంది, తల ఆరటం లేదు, అయినా తుడుస్తూనే ఉంది. అన్నాళ్లూ రానివ్వని ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. వేరే గ్లాసు సంగతి ఆ తర్వాత మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మర్నాడు తెల్లారకముందే నర్సమ్మ నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టింది. ముసురు పడుతూనే ఉంది. సీటు కింద నుంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసింది. ఉన్నది ఒక్కటే. సంచి వైపు చూడనైనా చూడలేదు. కవరుని నా తల మీదుగా కప్పి, మెడ కింద ముడి వేసి, తాడుతో నడుం చుట్టూ బిగించి కట్టింది. అమలాపురం దాకా నా ముందు ఆవిడ తడిసిన వీపు, కింద ఆ రేకు చప్పుడు. చక్రం చిమ్మిన బురద టైరు ముక్కకి తగిలి కిందికి పడిపోయేది, నా మీదికి ఒక్క చుక్క రాలేదు.

ఆ ఏడాది నాకూ సూదులు పడ్డాయి. ఆ మందు నన్ను బతికించింది గానీ వినికిడి చాలావరకు తీసుకుపోయింది. పక్కన కూర్చుని పిలిచినా ఇప్పుడు నాకు సరిగా వినపడదని పిల్లలు విసుక్కుంటారు. అమ్మ గొంతు ఎలా ఉండేదో కూడా గుర్తు లేదు. కానీ పొద్దున్నే వాన మొదలైతే చాలు, ఆ రేకు దడదడ నాకు వినపడుతుంది. లేచి వెళ్లి అరుగు మీద నిలబడతాను. గట్టు మీద ఎవరూ ఉండరు.