ఎవరికీ నష్టం రాలేదన్నాను

యూరియా బస్తాలు మానేసి పేడతో, ఆకులతో పంట తీయడం మా ఊళ్లో తోటి రైతులకు నేర్పేది నేనే. ఆ పేరు విని, బెంగాలీ రైతులకు కూడా చెప్పమని నన్ను కలకత్తా పిలిచారు. నాకు బెంగాలీ ముక్క రాదు. గార్డెన్ రీచ్ రేవులో కూలి చేసుకుంటున్న మా ఊరి అబ్బాయి, నాకు మరిది వరస, ఆ రోజు పని మానుకుని నా మాటలు వాళ్లకు చెప్పడానికి వచ్చాడు.

అతనూ ఒకప్పుడు రైతే. నా దగ్గర నేర్చుకున్నవాడే. "ఈ ఏడు నుంచే యూరియా ఆపీయ్" అని తొందరపెట్టింది నేనే. నా కొట్టంలో ఆవులున్నాయి, అతనికి ఒక్క దూడైనా లేదన్న సంగతి నా పాడు బుర్రకు తట్టలేదు. చాలినంత పేడ గెత్తం, అదే ఎరువు, దొరక్క వరి పాలిపోయింది. పొలం కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చేశాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. కలకత్తాలో వాళ్లింట్లోనే దిగాను. అతని భార్య చేపల పులుసు కొసరి కొసరి వడ్డిస్తుంటే నాకు ముద్ద దిగలేదు.

సభ బాగానే సాగింది. పేడా బెల్లం కలిపి పులియబెట్టడం చూపించాను, నవ్వించాను కూడా. అప్పుడు ముందు వరసలోంచి ఒకావిడ లేచి ఏదో అడిగింది.

"మొదటి ఏడు నష్టం రాదా అంతంది ఒదినా. ఆవిడికి పసువుల్లేవట" అన్నాడు.

ఎన్ని ఊళ్లలో చెప్పానో ఆ జవాబు! నా నోరు పడిపోను, అలవాటుగా వచ్చేసింది.

"నా మాట ఇన్నోళ్లకి ఎవలికీ నష్టం రాలేదని చెప్పు."

అతను ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత అటు తిరిగి బెంగాలీలో చెప్పాడు. ఆవిడ ముఖం విప్పారింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఛీ, ఏం బతుకు నాది! తలెత్తలేక నేల చూస్తూ నిలబడ్డాను.

ఈ పంటకే మొదలుపెడతానందట ఆవిడ. ఇంకో కొంప ముంచబోతున్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను.

"నాను అబద్దమాడీసినానని చెప్పు బాబూ. పసువుల్లేనోళ్లు ముందు కొంచెం నేలలోనే చూసుకోవాలని చెప్పు. ఒకడు నా మాట నమ్మి మునిగిపోనాడని చెప్పు."

అతను చెయ్యి విడిపించుకోలేదు.

"చెప్తాను. ముందు ఆ మాట నాకు చెప్పు ఒదినా."

చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగా" అన్నాడు.