అడిగి తెచ్చుకున్న టైర్లు

మామ పోయాడని పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేడప్పా" అని ఒక్క మాట అని పెట్టేసింది. దేవనహళ్ళి దాటాక టీ తాగడానికి లారీ పక్కకు ఆపి దిగాడట. ఎదురుగా లోడుతో వస్తున్న మరో లారీ ముందు టైరు పగిలి, అదుపు తప్పి టీ బంకు మీదికే వచ్చేసింది.

ఆ బండికి ఎఫ్‌సీ ఉంది. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని పరీక్ష చేసి ఇచ్చే కాగితం, అదీ కొత్తదే. అయితే పరీక్షకు వేసుకెళ్ళిన మంచి టైర్లు ఇంకొకరివని, తిరిగొచ్చాక అవి విప్పి ఇచ్చేసి అరిగినవే మళ్ళీ బిగించామని ఆ డ్రైవరే ఏడుస్తూ చెప్పాడు. నాకు దుఃఖం కంటే కోపమే ముందొచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

ఎందుకంటే మామ బతుకంతా పోట్లాడింది దాని మీదే. యలహంకలో ఆయన బండి నిలిపే లారీ స్టాండులో అదొక ఆనవాయితీ. పెళ్ళికి నగ అడిగినట్టు ఎఫ్‌సీకి టైర్లు అడుగుతారు, లేదనకుండా ఇస్తారు. మామ ఒక్కడే ఇచ్చేవాడు కాదు. "ఎరువు సొమ్ము బరువు చేటన్నారప్పా. మొహమాటానికి టైరిస్తే రేపు వాడు చస్తే మట్టికీ నేనే పోవాల" అనేవాడు. స్టాండులో సగంమంది ఆయనతో మాటలు మానేశారు. పిసినారి అన్నారు. ఆయనకు బాధగానే ఉండేది, పైకి మాత్రం మీసం దువ్వుకునేవాడు.

ఒకసారి మా ఇంటి సామాను సర్జాపురకు చేర్చింది ఆయనే. బయల్దేరే ముందు ఇనుప రాడ్డుతో టైర్లన్నీ కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎండలో నిలబడి నేను విసుక్కున్నాను.

"గమ్మునుండు. బండి ఏమో చెప్తా ఉండాది" అన్నాడు.

కొంచెం దూరం పోయాక బ్రేకు సరిగా పట్టడం లేదని మళ్ళీ ఆపేశాడు. మెకానిక్ వచ్చి బాగుచేసేదాకా కదల్లేదు. మధ్యాహ్నానికి చేరాల్సినవాళ్ళం చీకటి పడ్డాక చేరాం. దారంతా తిట్టుకున్నాను గానీ, చేరాం.

దినాల రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది స్టాండులో మామ పక్కన బండి నిలిపే ఆయన. తన పంక్తి లేవగానే చేతులు నలుపుకుంటూ అత్త దగ్గరికొచ్చాడు.

"వదినా, అన్న బండి ఎట్లాగూ నిలిచే ఉండాది. సోమవారం నాది ఎఫ్‌సీ. టైర్లు ఒక్క పొద్దుకిస్తే సాయంత్రానికే తెచ్చి బిగిస్తా."

నేను కోపంతో లేచాను. అత్త మాత్రం కోప్పడలేదు.

"నీ బండి ఏ దారిన పోతాదప్పా?"

"దేవనహళ్ళి దారే వదినా, రోజూ."

"మా పాప కూడా రేపట్నుంచి ఆ దారినే స్కూటర్లో పనికి పోతాది. పిలుస్తా ఉండు. దాని మొహం చూసి అడుగు."

అత్త పిలుపుకు లోపలి నుంచి మామ కూతురు అన్నం గరిటెతోనే వచ్చి గడపలో నిలబడింది.

"ఏం చిన్నాయనా, ఇంకొంచెం పెట్టాల్నా?"

ఆయన తల ఎత్తలేకపోయాడు.