తలకిందుల చిలకలు

కోడుమూరు నేతగాళ్ల వీధిలో గ్రాఫ్ దేవేంద్రప్ప అంటే తెలియనివాళ్లు లేరు. చీర మీద నెమలి దిగాలన్నా, మామిడి పిందె దిగాలన్నా ముందు ఆయన గళ్ల కాగితం మీద ఒక్కో గడీ ఎర్ర పెన్సిలుతో నింపాలి. ఎర్ర గడి ఉన్నచోట జరీ పైకి తేలుతుంది. ఆ కాగితంలో వరస నంబర్లు చూసి కర్నూల్లో వరసకొక అట్టకు చిల్లులు కొడతారు, ఆ అట్టల దండ మగ్గానికి ఎక్కుతుంది, అట్టలు వచ్చిన వరసలోనే బొమ్మ దిగుతుంది.

రెండువేల ఆరులో ఆయనకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. నలభై దాటిన మనిషికి పిచ్చి పడితే ఇంక చెప్పాలా! కర్నూలుకు పోయి, తెరంతా గళ్లే ఉండే ఎక్సెల్ నేర్చుకుని, పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు. పైన అడ్డంగా ఏ, బీ, సీలు. పక్కన నిలువుగా ఒకటి, రెండు, మూడు. మూలనున్న చిన్న పెట్టెలో డి12, రెండు చుక్కలు, హెచ్12 అని కొడితే చాలు, ఆ గడులన్నీ ఒక్కసారే చిక్కుతాయి. రంగు నొక్కితే ఎర్రబడతాయి. వారం పట్టే పని ఒక పూటలో అయిపోతుంటే ఆయన కాలు నేలమీద నిలవలేదు. పెన్సిళ్లన్నీ వీధి పిల్లలకు పంచేశాడు.

కంప్యూటర్ మీద గీసిన మొదటి గ్రాఫ్ గంగాధరం శెట్టి కూతురి పెండ్లిచీరకు. పల్లూ నిండా చిలకలు. నేసేది దేవేంద్రప్ప అక్క నాగలక్ష్మమ్మ. మొగుడు పోయినాక ఆమెకు ఆ మగ్గమే దిక్కు. దానికి పట్టు ఇచ్చేది శెట్టే.

పల్లూ మొదలుపెట్టిన రోజు ఆమె తమ్ముణ్ని పిలిపించింది.

"దేవేంద్రా, చిలక తల ముందొస్తాండాది సూడప్పా. కాళ్లు గదా ముందు రావాల?"

"కంప్యూటర్ తప్పు చేస్తాదా అక్కా? ఎంత సదివిందది! నీ పని నువ్వు చెయ్," అన్నాడాయన, మగ్గం వైపు వంగి కూడా చూడకుండా. ఆమె మళ్లీ నేతలో పడింది.

చీర మగ్గం దిగాక శెట్టి వచ్చి, దేవేంద్రప్ప ముందే దాని మడతలు విప్పించాడు. చిలకలన్నీ కాళ్లు పైకి పెట్టి వేలాడుతున్నాయి.

దేవేంద్రప్పకు అప్పుడు తట్టింది. చేత్తో గీసినన్నాళ్లూ వరసలకు కింది నుంచి పైకి నంబర్లు వేశాడు. పల్లూ అంచు దగ్గరే నేత మొదలు, అందుకని బొమ్మ కాళ్లదే మొదటి వరస. కంప్యూటర్‌లో ఒకటో వరస పైన ఉంటుంది. నంబర్లు తయారుగా ఉన్నాయి గదా అని ఈయన వాటి జోలికే పోలేదు. చిల్లులు కొట్టినవాడు నంబరు చూసి తలనే మొదటి అట్ట చేశాడు.

"ఏందమ్మా ఇది? పెండ్లికూతురు కట్టేదా దీన్ని? ఎవరి పని?" శెట్టి అరుపుకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

దేవేంద్రప్ప నోరు తెరవబోయాడు. శెట్టి ముఖం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాదే తప్పు శెట్టీ," అంది నాగలక్ష్మమ్మ. "అట్టల దండ తిరగేసి కట్టినా. వయసు మీద పడె, కండ్లు సరిగా కనపడల్యా."

ఆమె కండ్లు సూదిలో దారం ఎక్కించే కండ్లు. ఆ సంగతి వీధిలో అందరికన్నా తమ్ముడికే బాగా తెలుసు. అయినా తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు, సిగ్గులేని మనిషి. ఆమె మగ్గానికి ఇంక పట్టు లేదని చెప్పి శెట్టి వెళ్లిపోయాడు.

వారమంతా ఆయన అక్క గడప తొక్కలేదు. తొక్కిన రోజు, నేసేటప్పుడు కాళ్లు దించే మగ్గం గుంట మీద చాప పరిచి ఉంది. ఆమె కూలికి ఉల్లిగడ్డలు కోసి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

"శెట్టితో నిజం చెప్తా అక్కా," అన్నాడు గుమ్మంలోనే.

"చెప్పి ఏం చేస్తావు? నాదొక్క మగ్గమే పోయింది. నీ పేరు పోతే ఇంట్లో పిల్లోళ్లు ఏం తింటారు? ఊరుకో."

ఆ మాట చెవిన పడగానే దేవేంద్రప్పకు ముందుగా కలిగింది ఏడుపు కాదు, బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. చెప్తా అని రెండోసారి అననూ లేదు.

"రా, సంగటి తిను," అని అక్క పళ్లెం పెట్టింది. ఆమె ముఖం చూడకుండా కూర్చుని తిన్నాడు.