నీళ్లొచ్చే పూట పోయే నెట్టు

నాకు కోపం ఎక్కువ. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నేను ఆటో అతనితో మామూలుగా బేరమాడుతున్నా, పోట్లాట అనుకుని జనం ఆగి చూస్తారు. మా ఇంట్లో ఆ కోపం తగలని మనిషి ఒక్క మా మేనత్తేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆమెకు పుట్టు చెవుడు. మాటా రాలేదు. నేనెంత అరిస్తే మాత్రం ఆమెకేం తెలుస్తుందిలే అని నా ధీమా.

అత్త మా నాయనకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మార్కాపురంలో మాతోనే ఉంటుంది. పాతికేళ్లు పలకల ఫ్యాక్టరీలో చేసింది, రాతి పలకలకు చెక్క ఫ్రేములు బిగించే పని. కోత మిషన్ల రొదకు మిగతా ఆడవాళ్లు తలలు పట్టుకుంటుంటే, ఈమె మాత్రం నిమ్మళంగా కూర్చుని అందరికంటే ఎక్కువ ఫ్రేములు బిగించేదట. అందుకే మా ఇంట్లో పలకలకు ఏనాడూ కరువు లేదు. అత్తకూ నాకూ మాటలన్నీ పలక మీదే. ఆమె ‘టీ?’ అని రాస్తుంది, నేను ‘వద్దు’ అని రాస్తాను. ‘కరెంటు పోయింది.’ ‘మందులు తెచ్చినావా.’ ‘అన్నం తిను.’ నలభై ఏళ్ల మా సంభాషణంతా అంతే. రాయడం, తుడిచేయడం. ఆమెకు అంతకు మించి చెప్పుకునేది ఏముంటుందిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిన్నప్పుడు కోస్తా వైపు ఒక ఊళ్లో, చెవిటి పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ ఆమెకు ఒక స్నేహితురాలు. ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పట్లో పడుకున్నారు. బడి అయిపోయాక చెరో దిక్కూ పోయారు. నలభై ఏళ్ల తర్వాత, ఆ బడి పిల్లలెవరో ఫోన్లో గ్రూపు పెడితే అందులో ఒకరికొకరు దొరికారు. ఆమె ఇప్పుడు బళ్లారి అవతల ఎక్కడో బట్టలు కుడుతుంది. రోజూ ఐదింటికి మిషన్ కట్టేసి వీడియో కాల్ చేస్తుంది. ఫోన్లో అయితే ఒక చెయ్యి ఫోన్ పట్టుకోవడానికే సరిపోతుంది. సగం నోరు మూసేసినట్టే. అందుకని నా కంప్యూటర్‌కు ఒక కెమెరా తగిలించి, ముందు కుర్చీ వేసిచ్చాను. ఐదు కాకముందే అత్త తల దువ్వుకుని, మొహం కడుక్కుని ఆ కుర్చీలో కూర్చునేది. వాళ్లు బడిలో నేర్చుకున్న సైగల భాష తెలిసినవాళ్లు మా ఇంట్లో లేరు, మా వీధిలో లేరు. ఆ గంట ఒక్కటే ఆమె మాట్లాడే గంట.

ఆ గంటలోనే నెట్టు పోవడం మొదలైంది.

రోజూ పోతే ఒక రకం. మూడు రోజులు బంగారంలా నడుస్తుంది, నాలుగో రోజు సరిగ్గా మాటల మధ్యలో బొమ్మ నిలిచిపోతుంది. స్నేహితురాలి చేతులు గాల్లో ఆగిపోతాయి. అత్త పలక పట్టుకుని వస్తుంది: ‘పోయింది.’ నేను ఊరుకుంటానా? కంప్యూటర్ గురించి వీధి మొత్తం నన్నే అడుగుతుంది మరి. నెట్ డబ్బా ఆపి మళ్లీ పెట్టాను. గంటకు వచ్చింది. చూశావా, అన్నాను. నాలుగో రోజు మళ్లీ పోయింది. డబ్బాకూ కంప్యూటర్‌కూ మధ్య వైరు మార్చాను. గంటకు వచ్చింది. మళ్లీ పోయింది. డబ్బాను తీసి బీరువా మీద పెట్టాను. వచ్చింది, పోయింది. చివరికి కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి మొదటి నుంచి కొత్తగా ఎక్కించాను. ఆ దెబ్బకు మా ఆవిడ తమ్ముడి పెళ్లి ఫోటోలన్నీ గంగలో కలిశాయి. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, మా ఆవిడ తప్ప.

ప్రతిసారీ గంటలో అదే వచ్చేది. ప్రతిసారీ నేనే బాగుచేశానని కాలరెగరేసేవాణ్ణి.

ఒక రోజు అత్త ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. స్నేహితురాలు మెసేజ్ పెట్టింది: ‘పని ఉంటే ముందే చెప్పు. నేను మాట్లాడతా ఉంటే మధ్యలో కట్టేసి పోవద్దు. బడిలో కూడా ఇట్లనే అలిగి పోయేదానివి.’ అత్త ఎంత రాసినా ఆమె నమ్మలేదు. నిజంగా నెట్టే పోతుంటే నాలుగు రోజులకోసారి సరిగ్గా మన మాటల మధ్యలోనే ఎందుకు పోతుంది అని ఆమె వాదన. న్యాయమే కదా. ఆ తర్వాత కాల్ రావడం ఆగిపోయింది. అత్త మాత్రం ఐదింటికి తల దువ్వుకుని కూర్చోవడం మానలేదు. ఆరింటి దాకా నల్లటి తెర ముందు కూర్చుని లేచిపోయేది. మనిషికి నలభై ఏళ్ల తర్వాత దొరికిన మాట, నా ఇంట్లో, నా వైరు మీద పోతోంది.

అప్పుడు బుద్ధొచ్చి, ఒక పలక తీసుకుని కంప్యూటర్ పక్కన పెట్టాను. ఎవరితో మాట్లాడకపోయినా కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచి, నెట్టు ఎప్పుడు పోయిందీ ఎప్పుడొచ్చిందీ బలపంతో రాయడం మొదలుపెట్టాను. సోమవారం ఐదూ పది. శుక్రవారం ఐదుంపావు. మంగళవారం ఐదున్నర. శనివారం ఐదూ పది. నాలుగు రోజులకోసారని తెలిసిందే, టైము మాత్రం పూటకో రకం. ఒక తలా లేదు, తోకా లేదు. పలక ముందు కూర్చుని జుట్టు పీక్కున్నాను.

మర్నాడు పొద్దున టీ గ్లాసుతో వచ్చి చూస్తే, ప్రతి టైము పక్కనా ఒక బొమ్మ వేసి ఉంది. గుండ్రటి చిన్న బిందె. నాలుగు టైములకు నాలుగు బిందెలు. అత్త తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

నీళ్లు. మా వీధికి కొళాయి నీళ్లు నాలుగు రోజులకోసారి, సాయంత్రం ఐదు దాటాక ఒక గంట వస్తాయి. ఆ గంట మాకు యుద్ధం. డ్రమ్ములూ బిందెలూ నింపడం మా ఆవిడ పని. మోటారు పెట్టి, పైపు మిద్దె మీదికి లాగి ట్యాంకు నింపడం నాది. ఆ హడావుడిలోనే అత్త పలకతో వచ్చేది, నేను ‘ఈ రెండు తలనొప్పులూ ఒక్కసారే రావాల్నా!’ అని అరిచేవాణ్ణి. నా నోటితో నేనే అన్నాను చూడండి. అయినా బుర్రకెక్కలేదు.

“నీళ్లకూ నెట్టుకూ సంబంధమేంది?” అన్నాను.

“సంబంధం మీ అత్తకు తెలిసింది, నీకు తెలీలేదు. అంతే,” అంది మా ఆవిడ. “ఫోటోలు పోగొట్టకముందే ఈ పలక పెట్టింటే బాగుండేది.”

వచ్చే నీళ్ల రోజుకు కేబుల్ భాయ్‌ని పిలిపించాను. మా ఇంటికి లైను లాగింది ఆయనే. నా వయసు మనిషి, నెమ్మదస్తుడు. ఐదింటికి వచ్చి డబ్బా ముందు కూర్చున్నాడు. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. నీళ్లొచ్చాయి. నేను మోటారు వేసి, పైపు లాగి, పిట్టగోడ కొక్కేనికి తగిలించి కిందికి దిగేసరికి ఒక దీపం ఎర్రబడింది.

“పైపు తీయండన్నా,” అన్నాడు.

పైకి పోయి తీశాను. దీపం పచ్చబడిందని కింద నుంచి కేకేశాడు. మళ్లీ తగిలించాను, మళ్లీ కేక: ఎర్రబడింది.

భాయ్ కొక్కెం దగ్గరికి వచ్చి చూసి, నా మొహం చూసి, తల గోక్కున్నాడు. వీధి స్తంభం మీద నుంచి వచ్చే నల్లటి నెట్ వైరు అదే కొక్కెం మీదుగా వంగి ఇంట్లోకి దిగుతోంది. దాని మీదే నీళ్ల పైపు. నీళ్లు నిండగానే పైపు బరువెక్కి వైరును కొక్కేనికేసి నొక్కుతోంది. రాపిడికి పైతొక్క కూడా పోయింది.

“రెండూ ఒకే కొక్కేనికి తగిలించింది ఎవరు భాయ్? ఇట్లనా చేసేది పని?” అని గొంతు లేపాను.

“మీరే గదన్నా,” అన్నాడాయన మెల్లగా. “కొత్తగా రంగు వేయించినా, గోడకు మేకు కొడితే ఊరుకోనని ఆ పొద్దు ఎట్ల అరిచినారు! నాకు చెయ్యి ఆడక ఉన్న కొక్కేనికే తగిలించి పోయినా.”

మా ఆవిడ కింద నుంచి నవ్విన శబ్దం వినిపించింది. నేనేమీ వినలేదన్నట్టు నిలబడ్డాను.

భాయ్ ఇంట్లోకి పోయి, డబ్బాకు గుచ్చిన వైరు కొస ఊడదీసి, దానికి జేబులోని ఒక పెన్నులాంటిది, ఎర్రటి వెలుగు చిమ్మేది, తగిలించి వచ్చాడు. అత్తను కూడా పైకి రమ్మని చెయ్యి ఊపాడు. కొక్కెం మీదికి టవల్ నీడ పట్టి, “ఇప్పుడు చూడండి,” అన్నాడు. తొక్క పోయిన చోట, వైరు వంగిన చోట, ఎర్రటి వెలుగు. లోపలి నుంచి ఊరుతున్నట్టు, నెమ్మదిగా, నిశ్శబ్దంగా. పైపు తీశాడు. వెలుగు మాయమైంది. పైపు పెట్టాడు. మళ్లీ ఊరింది.

“లోపలుండేది గాజన్నా. వెంట్రుకంత. దాంట్లో వెలుగు పోతా ఉంటది. తిన్నగా ఉంటే ఎంత దూరమైనా పోతది. మరీ వంచితే వంపు కాడ బయటికి కారిపోతది. ఈ అమ్మ చేతులు బళ్లారి దాకా పోయేది ఈ దోవనే.”

ఇన్నేళ్లుగా కంప్యూటర్లు విప్పి బిగిస్తున్నాను, నా ఇంటి గోడ మీద వెలుగు నడిచిపోతోందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణేమో. అత్త అరచెయ్యి ఆ వంపు కింద పెట్టింది. ఫ్రేములు బిగించి బిగించి కాయలు కాచిన చెయ్యి. దాని మధ్యలో చిన్న ఎర్రటి మచ్చ పడింది. ఆమె వేళ్లు ముడవలేదు, కదల్చలేదు. ఎంతసేపు అట్లా చూసిందో తెలియదు. కింద బిందె పొంగిపోతున్నా మా ఆవిడ కూడా పైకొచ్చి చూస్తూ నిలబడింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆ రోజే కొత్త రంగు గోడకు భాయ్ రెండు మేకులు కొట్టి, కొత్త వైరు లాగాడు. మేకులు అందించింది నేనే.

కానీ కాల్ రాలేదు. అత్త మెసేజ్ పెట్టింది, నీళ్లొచ్చే రోజే నెట్టు పోయేదని, ఇప్పుడు బాగైందని. జవాబు లేదు. నాలుగు రోజులు గడిచాయి. వైరు బాగుచేయగలిగాం గానీ, అలిగిన మనిషిని ఏ భాయ్ బాగుచేస్తాడు? మళ్లీ నీళ్లొచ్చాయి. నేను పైపు లాగి, మోటారు వేసి ఇంట్లోకి వచ్చేసరికి తెర వెలిగి ఉంది. తెర మీద కళ్లద్దాల మనిషి, మెడలో కుట్టు టేపు, మొహం గంటు పెట్టుకుని కూర్చుని ఉంది. నీళ్లొచ్చే రోజు చూసుకుని మరీ చేసింది, పరీక్ష పెట్టడానికి.

అత్త మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆ సైగలు నాకు ఒక్కటీ రావు, కానీ అంతా అర్థమైంది. నడుం మీద బిందె. మెట్లెక్కుతూ లాగే పైపు. ఒక వేలు కొక్కెం, దాని మీద వంగిన ఇంకో వేలు. చేతి మీదుగా పరుగెత్తుకొచ్చిన వేళ్లు ఆ వంపు దగ్గర జారి, విచ్చుకుని, కింద పడిపోయాయి. వెలుగు ఒలికిపోయింది! ఎంత వేగం, ఎంత వివరం. భుజాలు మాట్లాడుతున్నాయి, కనుబొమలు మాట్లాడుతున్నాయి. ‘టీ’, ‘అన్నం తిను’ అని రాసే మనిషేనా ఈమె? నలభై ఏళ్లు ఇంత మాటకారితో ఒకే కప్పు కింద ఉండి, ఈమెకు చెప్పడానికేమీ లేదనుకున్నానా?

ఉన్నట్టుండి అత్త కొయ్యబారిపోయింది. చేతులు గాల్లో, కన్ను ఆర్పకుండా. మళ్లీ నెట్టు పోయిందనుకుని డబ్బా వైపు చూశాను. దీపాలు పచ్చగానే ఉన్నాయి. తెర మీద ఆమె కడుపు పట్టుకుని నవ్వుతోంది. నెట్టు పోతే మనిషి ఎట్లా కనబడుతుందో చేసి చూపిస్తోంది మా అత్త.

నవ్వు ఆగాక, ఇదంతా ఎవరి వల్ల అని ఆమె అడిగినట్టుంది. అత్త వెనక్కి తిరగకుండానే నా వైపు బొటనవేలు చూపి, కనుబొమలు ముడిచి, నోటి ముందు పిడికిలి పెట్టి ఠక్కున ఐదు వేళ్లూ విప్పింది. తెర మీద ఆమె కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూసి, అదే సైగ చేసి, ఓహో ఇతనేనా అన్నట్టు తలాడించింది. ఆమెకు ఆ సైగ ముందే తెలుసు.

పలక తీసుకుని రాసి చూపించాను: ‘అదేంది?’

అత్త రాసింది: ‘నీ పేరు.’

‘ఎప్పటినుంచి?’

‘నీ చిన్నప్పటినుంచి.’

పిడికిలి విప్పినట్టు నోరు తెరిచే మనిషి. చెవులు వినని ఆమెకు నా అరుపు ఒక్కటీ తప్పిపోలేదు. గోడకు మేకు వద్దని భాయ్ మీద అరిచిన రోజు కూడా ఆమె తలుపు దగ్గర నిలబడే ఉంది. నాకిప్పుడు గుర్తొచ్చింది. బలపం మళ్లీ తీసుకుని రాశాను: ‘మార్చవా?’

ఆమె చదివి, నన్ను తేరిపార చూసి, ‘చూద్దాం’ అని రాసి, పలక పక్కన పెట్టి స్నేహితురాలి వైపు తిరిగింది.

మిద్దె మీద నుంచి ట్యాంకు నిండిందని మా ఆవిడ కేకేసింది. మోటారు ఆపి, ఆపానని గట్టిగా అరవబోయి, ఆగి, మెట్లెక్కి పైకి పోయి చెప్పాను.