ఇంకా గారు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. వీధిలో అందరికీ మాత్రం ఆయన ఇంకా గారే. ఎదుటివాళ్లు ఏం చెప్పినా చివరిదాకా విని, కళ్లజోడు సర్దుకుని, "ఇంకా?" అంటారు. తిన్నానన్నా ఇంకా, పడుకున్నానన్నా ఇంకా. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇరవై ఏళ్లుగా దొంగతనాల క్లెయిములు చూసే సీటులో కూర్చుని ఈ రోగం తెచ్చుకున్నారని అందరి అనుమానం.

ఎదురింట్లో ఉండే నర్సుకు ఆ మాట వింటేనే ఒళ్లు మంట. ఒకసారి ఆయన జ్వరంతో ఆమె పనిచేసే ఆస్పత్రికి వచ్చారు. "రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు డాక్టరు. "ఇంకా?" "మాత్రలు వేసుకోండి." "ఇంకా?" పావుగంట తర్వాత నర్సు లోపలికి వెళ్లి చూస్తే, డాక్టరే తన నడుం నొప్పి సంగతి చెప్పుకుంటున్నాడు. ఈయన జ్వరంతో మూలుగుతూనే తల ఊపుతున్నారు.

సెలూన్ అతను ఒకరోజు బావమరిదితో తనకైన గొడవ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా గారు కుర్చీలో ఇంకా, ఇంకా అంటూ కూర్చున్నారు. గొడవ కథ అయిపోయేసరికి నెత్తి మీద జుట్టు కూడా అయిపోయింది.

ఇక ఆయన భార్యను కదిపితే చాలు, నిట్టూరుస్తుంది. "ఆయనతో పోట్లాడి గెలవలేనమ్మా. నోటికొచ్చినన్ని తిడతానా, అంతా విని 'ఇంకా?' అంటారు. నా దగ్గర మాత్రం అన్ని తిట్లుండొద్దూ? చివరికి నేనే లేచి కాఫీ పెడతాను."

అలాంటి మనిషి బల్ల ముందు నర్సు కూర్చోవలసి వచ్చింది. బస్సులో ఒక ముసలాయనకు సీటిచ్చి నిలబడి, దిగేటప్పుడు చూసుకుంటే సీటు కింద పెట్టిన బ్యాగు లేదు. ఇంటికి తీసుకున్న పాలసీ బయట పోయిన సామానుకూ వర్తిస్తుందని తోటి నర్సు చెప్పింది. దాంతో పోలీసులిచ్చిన కాగితం పట్టుకుని, గంట పర్మిషన్ మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమేం పోయాయమ్మా?"

"ఫోను."

రాసుకున్నారు. "ఇంకా?"

"పర్సు."

"ఇంకా?"

"గొడుగు. పాతదేలెండి."

"ఇంకా?"

"దువ్వెన. రెండు పళ్లు ఊడాయి. అదీ రాస్తారా?"

అదీ రాశారు. "ఇంకా?"

"ఇంకేం లేవండీ. సంతకం పెట్టేసి పోతాను, డ్యూటీ ఉంది" అని ఆమె పెన్ను అందుకుంది. ఇంకా గారు ఫారం ఇవ్వలేదు. రెండు చేతులూ దాని మీద పెట్టి కూర్చున్నారు. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఆయన నుదురంతా చెమట.

"నిదానంగా ఆలోచించుకోండమ్మా. ఇంకా?"

నర్సుకు కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. "నన్నే దొంగను చేస్తారేంటండీ? పోయినవి చెప్పాను కదా! ఆ, అమ్మ చెవి మిషన్ కూడా ఉంది. రిపేరు చేయించి తెస్తున్నాను. అది నాది కాదు, అమ్మది. పైగా పోగొట్టింది నేనే. ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?"

వారం రోజులుగా ఆమె ఏం మాట్లాడినా అమ్మ నవ్వి తల ఊపుతోంది. ఒక్క ముక్క వినపడక అలా ఊపుతోందని తెలిసి నర్సు గుండె తరుక్కుపోతోంది. కొత్త మిషన్ కొనడం ఇప్పట్లో ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఇంకా గారు కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపటిగా బిగబట్టిన ఊపిరి వదిలారు. "ఆ ఇంట్లో ఉండేవాళ్లవి ఎవరివైనా పాలసీలోకి వస్తాయమ్మా. రిపేరు షాపు చీటీ ఉందా?"

"ఇంట్లో ఉంది."

"తెచ్చివ్వండి, చాలు."

ఆయన మొహంలో ఆ తెరిపి చూసి నర్సుకు అనుమానం వచ్చింది. "మీకు ముందే తెలుసా?"

"మొన్న గేటు దగ్గర మీ అమ్మగారిని పలకరించాను. ఊరికే నవ్వారు. చెవికి మిషన్ లేదు."

"మరి ఆ ముక్క అడగొచ్చు కదండీ!"

"అడక్కూడదమ్మా. వస్తువు పేరు మా నోటి నుంచి రాకూడదని రూలు. మేం పేరెత్తితే, లేనివాళ్లు కూడా ఉందంటారని. సంతకం పడ్డాక కొత్తది చేర్చడానికీ లేదు. ఈ కుర్చీలో కూర్చుని నేను అనగలిగింది ఆ ఒక్క మాటే."

ఆమె పెన్ను తిరిగి బల్ల మీద పెట్టింది. కంగారులో మరిచిపోయినవాళ్లు, సిగ్గుతో చెప్పుకోలేనివాళ్లు ఇరవై ఏళ్లలో ఎంతమంది ఈ బల్ల ముందు కూర్చుని ఉంటారు! అందరికీ ఆయన చేతనైన సాయం ఆ మూడక్షరాలు కూడా లేని మాటతోనే చేశారు. పదేళ్లుగా దానికే విసుక్కున్నందుకు నర్సుకు తల కొట్టేసినట్టయింది.

మూడు వారాలకు కొత్త మిషన్ వచ్చింది. నర్సు దాన్ని స్వయంగా అమ్మ చెవికి అమర్చి, ఇన్నాళ్ల అలవాటు కొద్దీ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "అమ్మా! వినిపిస్తోందా?"

అమ్మ ఉలిక్కిపడి కూతుర్ని ఎగాదిగా చూసింది.

"ఎందుకే అలా గొంతు చించుకుంటావు? నలుగురూ వింటే నాకు చెవుడనుకోరూ?"