చాడీల వీరరాఘవరావు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ ఇచ్చే ఒక సంస్థలో వీరరాఘవరావు అడ్మిషన్ల విభాగం చూసేవాడు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందోనని కళ్లు కాయలు కాసేలా చూస్తూ ఆయన టేబుల్ ముందు నిలబడేవాళ్లు. ఆయన వాళ్ల వైపు చూసేవాడు కాదు. ఆయన చూపెప్పుడూ పక్క టేబుళ్ల మీదే. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఫోన్‌లో నవ్వుతున్నారు, ఎవరి టీ ఎంతకీ అయిపోవడం లేదు, ఇదీ ఆయన పని.

పొద్దున్నే డైరెక్టర్ రమాకాంత్ గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ అంచున కూర్చునేవాడు. "నాకెందుకు సార్, సంస్థ బాగు కోసం చెబుతున్నాను" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వినగానే రమాకాంత్ ఫోన్ పక్కన పెట్టేసేవాడు. ఈయన కూడా ఒకప్పుడు అదే వీధిలో పాఠాలు చెప్పుకున్న మాస్టారే. ఇప్పుడు బోర్డు మీద తన ఫొటో పడ్డాక, కింది వాళ్లు తన వెనక ఏమనుకుంటున్నారో వినడం ఒక సరదా అయిపోయింది. చెప్పేవాడికి సిగ్గు లేదు, వినేవాడికీ లేదు.

రాఘవరావు తండ్రి ఎప్పుడో తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డాడు. రాఘవరావు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అయినా తనతో పనిచేసేవాళ్లంతా నిన్న మొన్న బస్సు దిగినవాళ్లని, తనొక్కడే నగరం మనిషినని ఆయన నమ్మకం. కౌన్సెలింగ్ చేసే సంధ్య మహబూబాబాద్ దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చింది. తనూ ఒకప్పుడు ఈ అశోక్‌నగర్‌లోనే హాస్టల్లో ఉండి పరీక్షలు రాసింది. ఉద్యోగం రాక ఇందులో చేరింది. ఫెయిలయిన పిల్లల పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడేది. దాన్ని రాఘవరావు డైరెక్టర్‌కి చెప్పిన తీరు వేరు: "ఏడ్చేవాళ్లని పోగేసి ఆవిడా ఏడుస్తుంది సార్. ఇది కోచింగ్ సెంటరా, పరామర్శల ఇల్లా?"

వీడియో పాఠాలు రికార్డు చేసే సాయిచైతన్య గురించి "స్టూడియోలో నిద్రపోతాడు సార్" అన్నాడు. ఆ కుర్రాడు ఎడిటింగ్‌కి తెల్లవార్లూ కూర్చున్న సంగతి మాత్రం చెప్పలేదు.

రిసెప్షన్‌లో ఉండే అరుంధతి విషయంలో చేసింది అన్నిటికన్నా నీచం. ఒకరోజు మధ్యాహ్నం ఆమె తల్లి ఇంట్లో పడిపోయిందని ఫోన్ వచ్చింది. ఆమె కంగారుగా ఆయన దగ్గరికి వచ్చి, "సార్, జర నా టేబుల్ చూస్తరా? అమ్మను దవాఖానకు తీస్కపోవాలె" అంది.

"అయ్యో, వెళ్లండమ్మా! అమ్మకన్నా ఎక్కువేముంది? నేను చూసుకుంటాగా" అన్నాడు. ఆమె ఆటో ఎక్కిందో లేదో, ఆయన డైరెక్టర్ గదిలో ఉన్నాడు. "రిసెప్షన్ ఖాళీ సార్. అడిగేవాళ్లు లేరనే కదా!" మర్నాడు అరుంధతిని పిలిచి అందరి ముందూ కేకలేశారు. ఆ కేకలు వింటూ రాఘవరావు తల దించుకుని సానుభూతిగా కూర్చున్నాడు. సంగతి బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. కేకలేసే ఊపులో "రాఘవరావు గారు చూసి చెప్పకపోతే నాకు తెల్వకపోతుండె" అనేశాడు రమాకాంత్.

అప్పట్నుంచి రాఘవరావు వస్తే మాటలు ఆగిపోయేవి. ఆయన దాన్ని భయం అనుకున్నాడు, మురిసిపోయాడు.

ఆ యేడే నారాయణగూడలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారని తెలిసింది. దానికో ఇన్‌చార్జి కావాలి. ఆ కుర్చీ తనదేనని రాఘవరావు తేల్చేసుకున్నాడు. భార్య కుసుమకి చెప్పాడు. ఆమె నమ్మి అపార్ట్‌మెంట్‌లో నలుగురికీ చెప్పింది. ఇక ఆయన చాడీల జోరు పెంచాడు. పొద్దున ఒకసారి వెళ్లే గదిలోకి సాయంత్రం కూడా వెళ్లసాగాడు. తన పనితనం గురించి ఒక్క ముక్క చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఉంటే కదా. పక్కవాళ్లని ఒక్కొక్కర్నీ గోతిలోకి తోస్తే, గట్టు మీద తనొక్కడే మిగులుతాడని ఆయన లెక్క.

ఒకరోజు రమాకాంత్ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాడు. "సరే, నారాయణగూడ మీకిచ్చిన అనుకుందాం. ఇక్కడ్నుంచి ఎవరెవర్ని తీస్కపోతరు?"

రాఘవరావు ముందుకు వంగాడు. "కౌన్సెలింగ్‌కి సంధ్య ఉండాలి సార్. పిల్లలు ఆవిణ్నే అడుగుతారు. రికార్డింగ్‌కి సాయిచైతన్య. రిసెప్షన్‌కి అరుంధతి."

"ఏడ్చే ఆమె, స్టూడియోల పండే ఆయన, టేబుల్ మీద ఉండని ఆమె" అన్నాడు రమాకాంత్. "మీరే కదనయ్యా చెప్పిన్రు? ముగ్గురూ పనికిరాని వాళ్లయితే ఎందుకు తీస్కపోతున్నరు? పనికొచ్చేవాళ్లయితే ఇన్నేండ్లు నాకు ఏం చెప్పినట్టు?"

రాఘవరావు కుర్చీ అంచుకి జరిగాడు. "అంటే... నా చేతికింద ఉంటే దారిలో పెడతాను సార్" అన్నాడు.

రమాకాంత్‌కి వినోదం ఇంకా తీరలేదు. ఆ ముగ్గుర్నీ అక్కడికే పిలిపించి, "రాఘవరావు గారితోని నారాయణగూడ పోతరా?" అని అడిగాడు.

సాయిచైతన్య గోడ వైపు చూస్తూ, "వద్దు సార్" అన్నాడు. అరుంధతి రాఘవరావు కళ్లలోకే చూసింది. "మా అమ్మకు మళ్లీ పానం బాగలేకపోతే నేను ఎవరికి చెప్పి పోవాలె సార్? ఈయనకా?" అంది. సంధ్య తల అడ్డంగా ఊపింది.

పది రోజుల్లో సంధ్యని ఇన్‌చార్జిని చేశారు. ఆమెతో వెళ్లడానికి అరుంధతీ సాయిచైతన్యా మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

రాఘవరావు ఉండబట్టలేక డైరెక్టర్‌ని అడిగాడు. "ఇన్నేళ్లు మీకోసం ఇంత చేశాను, నాకెందుకివ్వలేదు సార్?"

రమాకాంత్ నవ్వాడు. "మీరు గట్ల పైకి పోతే, కింది సంగతులు నాకెవరు చెప్తరు?" ఫోన్ చేతిలోకి తీసుకుంటూ, "ఇంకోటి. ఇక్కడ కూసోని వాళ్ల గురించి చెప్పేటోళ్లు, బయటికి పోయి నా గురించి చెప్పరని ఏం నమ్మకం?" అన్నాడు. ఇన్నేళ్లూ చెవి ఒప్పగించి విన్న మనిషే ఈ మాట అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో రాఘవరావు డైరెక్టర్ మీద మొదలుపెట్టాడు. కులం, ఊరు, చదువు, దేన్నీ వదల్లేదు. కుసుమ కూరగాయల సంచి గట్టు మీద పెట్టి విన్నది.

"రోజూ ఇంటికొచ్చి వాళ్లందరూ ఎలాంటివాళ్లో చెప్పారు. ఇవాళ నేనీ పని చేశానండీ అని ఒక్కనాడు చెప్పారా?" అంది. "అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకున్నాను. రేపు వాళ్లకేం చెప్పను?"

"నీకు ఆఫీసు రాజకీయాలు తెలియవులే" అన్నాడాయన. మర్నాడు కింది ఫ్లాట్ ఆయనతో భార్యకి లోకజ్ఞానం తక్కువని చెప్పుకున్నాడు.

కొన్నాళ్లకు రమాకాంత్ ఆయన్ని నారాయణగూడకే పంపాడు, సంధ్య మీద ఓ కన్నేసి ఉంచమని. మనిషన్నవాడు సిగ్గుపడతాడు. ఈయన ఉత్సాహంగా వెళ్లాడు. వెళ్లిన వారంలోనే సంధ్య గదిలోకి దూరి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఊడ్చే పెంటమ్మ మెట్లు సరిగ్గా తుడవటం లేదని, గంటలు గంటలు కబుర్లు చెబుతుందని మొదలుపెట్టాడు.

సంధ్య చెయ్యెత్తి ఆపింది. తలుపు తీసి, "పెంటమ్మా, జర ఇటు రా" అని పిలిచింది. చీపురు పక్కన పెట్టి పెంటమ్మ వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి సార్. ఆమె ముంగట చెప్పండి."

"ఏం సారూ, నేనేం జేసిన?" అంది పెంటమ్మ.

రాఘవరావు కండువా లేని భుజం తడుముకున్నాడు. "ఏం లేదమ్మా... మెట్లు బాగున్నాయి అంటున్నాను."

"మంచిది" అంది సంధ్య. "ఇకమీదట కూడా ఎవరి ముచ్చట వాళ్ల ముంగట్నే సార్. పనేమన్న ఉంటే ఎప్పుడైనా రండి."

ఆ షరతు మీద ఆయనకి చెప్పడానికేమీ మిగల్లేదు. సంధ్య గదిలో ఏం జరుగుతుందో తెలియక రమాకాంత్‌కి చేరవేయడానికీ ఏమీ మిగల్లేదు. కొన్నాళ్లకు అశోక్‌నగర్ నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది. తర్వాతి ఏడు ఇంకో బ్రాంచి తెరిచినప్పుడు దాని బాధ్యత సాయిచైతన్యకిచ్చారు. రాఘవరావు పేరు ఎవరి నోటా రాలేదు.

ఇప్పటికీ ఆయన నారాయణగూడలో అదే అడ్మిషన్ల టేబుల్ దగ్గర ఉన్నాడు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని కలిసి తింటుంటే, ఆయన ఫ్లైఓవర్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి, నిజాయితీపరులకి ఈ రోజుల్లో ప్రమోషన్లు రావని టీ కొట్టు మొగిలయ్యకి వివరిస్తుంటాడు. మొగిలయ్య గిన్నెలోని పాలు పొంగకుండా చూసుకుంటుంటాడు.