ఇరవై కిలోల పాప

2022. నేను నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. జూబ్లీహిల్స్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో పోస్టింగ్. క్లాసులో డోసు లెక్కలంటే నాకెప్పుడూ పూర్తి మార్కులే. ఆ పొగరు నా నడకలోనే కనిపించేదని స్నేహితురాళ్లు ఏడిపించేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

పిల్లలకు మందు బరువును బట్టి ఇస్తాం. కిలోకు ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరు రాస్తారు. దాన్ని బరువుతో హెచ్చవేసి, సీసాలో ఒక్కో ఎం.ఎల్.కు మందు ఎంతుందో దాంతో భాగిస్తే ఎక్కించాల్సిన ఎం.ఎల్.లు వస్తాయి. మొదట బరువు తప్పయితే తర్వాత లెక్క ఎంత చక్కగా చేసినా దండగే.

ఆ మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ నుంచి ఒక పాపను తెచ్చారు. స్కూలు సీన్లో కూర్చోబెట్టిన పిల్లల్లో ఒకతి. ఒళ్లు కాలిపోతోంది, వాంతులు. ఎత్తుకొచ్చిన తల్లిది కృష్ణానగర్, తనూ జూనియర్ ఆర్టిస్టే. వెంట ఆ పిల్లలను కుదిర్చిన కోఆర్డినేటర్ ఉన్నాడు. పారాసిటమాల్ నరంలోకి ఎక్కించమని, కిలోకు పదిహేను మిల్లీగ్రాములని డాక్టరు రాశారు.

"పాపకు ఎన్నేళ్లమ్మా?"

తల్లి కోఆర్డినేటర్ వైపు చూసి, "ఆరేండ్లు మేడమ్" అంది.

పాప అప్పుడే కునుకు తీసింది. లేపి తూకం వేయడం ఎందుకులే అనుకున్నాను. వయసుకు నాలుగు కలిపి రెండింతలు చేస్తే అంచనా బరువని పుస్తకంలో ఉంది కదా. ఇరవై కిలోలు. మూడు వందల మిల్లీగ్రాములు. సీసాలో ఎం.ఎల్.కు పది మిల్లీగ్రాములు, అంటే ముప్పై ఎం.ఎల్. చిటికెలో తేల్చేసి సీనియర్ నర్సు మేరీ సిస్టర్‌కి చూపించాను. మందు ఎక్కించేముందు ఇంకొకరు సరిచూడాలి, దాన్ని డబుల్ చెక్ అంటాం.

ఆవిడ నా లెక్క చూడలేదు, పాపను చూసింది. "తూకం వేశావా?"

"నిద్రపోతోంది కదా అని..." అన్నాను. ఆవిడే పాపను ఎత్తుకెళ్లి తూకం మీద నిలబెట్టింది. పద్నాలుగు కిలోలు. ఎక్కించాల్సింది ఇరవై ఒక్క ఎం.ఎల్. మాత్రమే.

"దాదాపు సగం మందు ఎక్కువ పోయేది పసిదానికి. ఇంకోసారి ఇలా చేస్తే వార్డులోకి రానివ్వను" అంది అందరి ముందూ.

తల కొట్టేసినట్టయింది. ఆ అవమానాన్ని ఎవరి మీదికైనా నెట్టేయాలి. ఎదురుగా తల్లి కనిపించింది. "ఆరేళ్లని అబద్ధం ఎందుకు చెప్పావ్? నీవల్లే పాప ప్రాణం మీదికి వచ్చేది!" అని గొంతు చించుకున్నాను.

కోఆర్డినేటర్ తలుపు దగ్గరే ఉన్నాడు. "ఏందమ్మా, ఆరేండ్లన్నవ్ గదా? చిన్న పోరగాండ్లు సెట్ల ఏడుస్తరు, వద్దని ముందే చెప్పిన. రేపటి సంది రాకుండ్రి" అన్నాడు.

"నాలుగు నిండినయ్ అన్నా. మస్తు బుద్ధిగ కూసుంటది" అని ఆమె బతిమాలుతుంటే, అతను ఫోన్లో ఇంకో పాప కోసం అడుగుతూ వెళ్లిపోయాడు.

మేరీ సిస్టర్ దగ్గరుండి సరైన డోసు ఎక్కించింది. సాయంత్రానికి జ్వరం దిగింది. తల్లిని క్షమించమని అడగకుండా పాప చార్టు నింపుతూ కూర్చున్నాను. తల్లే మెల్లగా అంది: "జర పక్కకు పిలిచి అడిగితే నిజమే చెప్తుంటి గద మేడమ్. ఆయన ముంగట ఎట్ల చెప్పాలె?"

ఇప్పుడు నేనూ పిల్లల వార్డులో సిస్టర్‌నే. నిద్రపోతున్న బిడ్డనైనా లేపి తూకం వేస్తాను. వయసు అడిగేముందు పక్కన ఎవరున్నారో చూసుకుంటాను. నేను లెక్క తప్పినందువల్ల ఆ పాపకు ఏమీ కాలేదు. నేను నోరు పారేసుకున్నందుకు వేషం పోయింది.